‘తదితరులు’ ఎవరు?
ఆటల పత్రికల్లో ఫొటోల వాడకం గురించి

బుచ్చయ్యపేటలో మా పేటకి ఆటల పత్రిక ఎప్పుడూ కొత్తగా రాలేదు. చోడవరంలో ఎవరో కొని చదివి, పాత కాయితాల కింద అమ్మేస్తే, కిరాణా కొట్టు మీదుగానో సెలూను మీదుగానో మా దగ్గరికి చేరేది. పప్పు పొట్లం విప్పితే సగం టెండూల్కర్ కనిపించేవాడు. ఆ నున్నటి కాయితంతో బడి పుస్తకాలకి అట్టలేసుకోడానికి పోటీ పడేవాళ్లం. మధ్యలో పిన్నులు జాగ్రత్తగా తీసి, రెండు పేజీల పోస్టరుని విప్పి, అన్నం మెతుకులతో గోడకి అతికించేవాళ్లం. మాకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఆ పత్రికల్ని మేము చదవలేదు, చూశాం. మాకు బొమ్మలే పత్రిక.

ఆ గోడ మీద వింబుల్డన్ ఉండేది, లార్డ్స్ ఉండేది. సంక్రాంతికి మా ఊళ్లో చెడుగుడు ఆడి షీల్డు తెచ్చినవాళ్ల బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు. అప్పుడు మాకది లోటుగా తోచలేదు. పత్రికలో పడేవాళ్లు వేరు, మనం వేరు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన తర్వాత గాని, ఆ పాఠం మాకు ఎట్లా వంటబట్టిందని అడగడం చేతకాలేదు.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాం. ఆటల పత్రికలు ఫొటోల్ని ఎట్లా వాడతాయి? ఆ వాడకంలో ఎవరు ఆటగాళ్లవుతారు, ఎవరు వెనకాల నిలబడ్డ మనుషులవుతారు?

ఫొటో పేజీ మీదకి వచ్చే దారి

ఫొటో అబద్ధం చెప్పదని మనవాళ్లు అంటారు. ఒక్క రకం ఫొటో విషయంలో ఆ మాట దాదాపు నిజం. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42 సెకన్లలో వచ్చింది. రుమేనియా అమ్మాయి కొజొకారు 55.41. సెకనులో నూరోవంతు తేడాతో ఉషకి కాంస్యం పోయింది. ఆ తేడాని చెప్పింది మనిషి కన్ను కాదు, ఫొటో ఫినిష్ కెమెరా. దానికి ముందు సన్నటి చీలిక ఉంటుంది. అది ముగింపు గీతని మాత్రమే చూస్తుంది. ఆ గీత మీదకి ఎవరి మొండెం ఎప్పుడు వచ్చిందో దాన్నే వరసగా పడుతుంది. దానికి పేరు తెలీదు, ఊరు తెలీదు, కులం తెలీదు.

మిగతా ఆటల ఫొటోలన్నీ మనుషులు ఎంచినవే. ఆ ఎంపిక అయిదు చోట్ల జరుగుతుంది. ఫొటోగ్రాఫరు ఏ ఆటకి వెళ్లాలన్నది మొదటిది. వెళ్లాక ఏ క్షణంలో మీట నొక్కాలన్నది రెండోది. తీసినవాటిలో ఎడిటరు బల్ల మీద ఏది బతకాలన్నది మూడోది. ఎంత సైజులో, ఎక్కడ కత్తిరించి వేయాలన్నది నాలుగోది. కింద ఏం రాయాలన్నది అయిదోది. పాఠకుడు చూసేది అయిదో మెట్టు దాటి వచ్చిన బొమ్మనే. నాలుగు మెట్ల మీద రాలిపోయినవి వాడికి కనపడవు. అందుకే కనపడిందే మొత్తం ఆట అనుకుంటాడు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే నీలం, ఎరుపు, పసుపు, నలుపు, ఒక్కోదానికి ఒక్కో ప్లేటు కావాలి. అందుకని రంగుల అచ్చు ఖరీదుగా ఉన్న రోజుల్లో రంగు ముందు దక్కేది అట్టకీ, నడిమి పేజీలకీ. హిందూ వాళ్లు 1947 నుంచి 1968 దాకా ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ నడిపారు, 1978లో ‘స్పోర్ట్‌స్టార్’ మొదలుపెట్టారు. ఈ స్పోర్ట్‌స్టార్ నడిమి పోస్టర్లే మన ఊళ్లల్లో గోడలెక్కాయి. ఆ రంగు పేజీ ఎవరికివ్వాలి? అమ్ముడుపోయే ముఖానికి. ఏ ముఖం అమ్ముడుపోతుంది? ఇంతకుముందు రంగు పేజీలో పడిన ముఖం. గానుగెద్దు తిరిగినట్టు ఇది అక్కడే తిరుగుతుంది.

ఇంకో సంగతి. విదేశీ ఆటల ఫొటోలు ఏజెన్సీల నుంచి తయారుగా వస్తాయి. ఇంగ్లండులో పుట్టిన ఆల్‌స్పోర్ట్ అలాంటి పెద్ద ఏజెన్సీ. 1998లో దాన్ని గెట్టీ కంపెనీ కొనేసింది. ఒక్క ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మని వంద పత్రికలు కొంటే ఒక్కో పత్రికకి తక్కువే పడుతుంది. చోడవరం దగ్గర జరిగే చెడుగుడు పోటీ ఫొటో కావాలంటే మాత్రం ఒక మనిషిని బస్సెక్కించి పంపాలి. అందువల్ల వేల మైళ్ల అవతలి టెన్నిస్ కోర్టు పత్రికకి దగ్గర, పక్క జిల్లా చెడుగుడు గిరి దూరం. ఇది ఎవరో ఒకరి దురుద్దేశం అని మేము అనడం లేదు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా సరే, ఏర్పాటే మనల్ని బయట పెట్టగలదు అంటున్నాం.

ఇక కెమెరా పట్టింది ఎవరు, బల్ల దగ్గర కూచుంది ఎవరు అన్నది. 1996 నవంబరులో బి.ఎన్. ఉనియాల్ పయనీర్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఢిల్లీలో దళిత జర్నలిస్టు ఒక్కడు కావాలని వెతికితే ఆయనకి దొరకలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా తిరగేసినా ఒక్కరూ కనపడలేదు. ఆయన చూసింది ఆటల పత్రికల్ని కాదు. కానీ మొత్తం ఇంట్లో లేనివాళ్లు ఒక్క ఆటల గదిలో ఉంటారా?

మధ్య కుర్చీ

జట్టు ఫొటో తీసే పద్ధతి మనందరికీ తెలుసు. ముందు కుర్చీలు, వెనక నిలబడ్డవాళ్లు, కింద నేల మీద కాళ్లు మడుచుకుని కూచున్నవాళ్లు. మధ్య కుర్చీ కెప్టెనుది. ఇది తెల్లవాళ్ల కాలేజీల నుంచి, క్లబ్బుల నుంచి మనకి వచ్చింది. మన దగ్గరికి వచ్చాక అది ఊరి పంచాయితీ అరుగులా మారింది. ఎవరు ఎక్కడ కూచోవాలో అందరికీ ముందే తెలుసు.

మన పక్కనే ఉన్న విజయనగరం రాజకుటుంబం కథ చూడండి. క్రికెట్ లోకం ‘విజ్జీ’ అని పిలిచే మహారాజ్‌కుమార్ 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెను. ఆడిన మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. ఆ పర్యటనలోనే ఆయనకి ‘సర్’ బిరుదు వచ్చింది. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మాత్రం మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. కెప్టెనుకి మధ్య కుర్చీ అన్న ఆచారం పరుగులు లెక్కపెట్టదు. ఆట రికార్డు పుస్తకం ఒకటి చెబుతుంది, జట్టు ఫొటో ఇంకొకటి చెబుతుంది. అయితే రికార్డు పుస్తకం గోడకి తగిలించుకోరు కదా!

పాతికేళ్లు వెనక్కి వెళ్దాం. 1911లో ఇంగ్లండు వెళ్లిన మొదటి అఖిల భారత జట్టుకి కెప్టెను పటియాలా మహారాజు. ఆ జట్టులో వికెట్లు తీసే భారం మోసినవాడు పల్వంకర్ బాలూ, చమార్ కుటుంబంలో పుట్టినవాడు. ఆ పర్యటనలో ఆయన 100కి పైగా వికెట్లు తీశాడు. పూనాలో క్లబ్బు నేలని చదును చేస్తూ, తెల్ల అధికారులకి బంతులేస్తూ బౌలింగు నేర్చుకున్న మనిషి. హిందూ జట్టులో ఆడేటప్పుడు తోటి ఆటగాళ్లు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో టీ తాగేవాళ్లు. బాలూకి బయట, మట్టి పాత్రలో పోసేవాళ్లు. తాగేశాక పారేయడానికి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. బాలూ బంతి వేస్తుండగా ఎవరైనా ఫొటో తీస్తే అందులో ఏముంటుంది? ఒక మంచి బౌలరు ఉంటాడు. బంతి ఆయన చేతి నుంచి బ్రాహ్మణ ఆటగాడి చేతికి పోతుంది, దానికి మైల లేదు. కప్పుకే మైల. ఆ కప్పు పెవిలియన్ బయట ఉంది, అక్కడికి కెమెరా వెళ్లదు. అంటే, ఆట ఫొటో నిజమే చూపిస్తూ కూడా అంటరానితనాన్ని కనపడకుండా చేయగలదు. ఎందుకంటే అది గిరి లోపలే చూస్తుంది. కులం గిరి బయట కాచుకుని ఉంటుంది. బాలూ ఎన్ని వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకి ఇవ్వలేదు. ఆ కుర్చీ 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. అదీ పోరాడితేనే.

కత్తిరింపు

ఒక ఫొటోలో ఏది ఉంచాలి, ఏది కోసెయ్యాలి అన్నదాన్ని పత్రికలవాళ్లు క్రాపింగ్ అంటారు. చూడ్డానికి చిన్న పని. కాని ఏకలవ్యుడి కథ విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, బొటనవేలు కూడా చిన్న ముక్కే.

ప్రపంచంలో అందరికీ తెలిసిన ఆటల ఫొటోల్లో ఒకటి 1968 అక్టోబరు 16న మెక్సికోలో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరు జాన్ డొమినిస్ తీసింది. 200 మీటర్ల పరుగులో మొదటివాడు టామీ స్మిత్, మూడోవాడు జాన్ కార్లోస్. ఇద్దరూ అమెరికా నల్లవాళ్లు. తమ దేశపు జాతీయగీతం మోగుతుంటే తలలు వంచి, నల్ల తొడుగులున్న పిడికిళ్లు పైకెత్తారు. ఈ ఫొటోని చాలాసార్లు నడుం దగ్గర కత్తిరించి వేస్తారు. పిడికిళ్లు పెద్దగా కనిపిస్తాయి, బాగుంటుంది. కాని కింద ఏం పోయింది? వాళ్ల కాళ్లకి బూట్లు లేవు. నల్ల మేజోళ్లతోనే ఎక్కారు. అది నల్లజనం పేదరికానికి గుర్తుగా చేసిన పని. నడుం దగ్గర కోసేస్తే కోపం మిగులుతుంది, ఆ కోపానికి కారణం రాలిపోతుంది. చూసేవాడికి వాళ్లు ఊరికే రెచ్చిపోయిన కుర్రాళ్లలా కనిపిస్తారు. దళితుల ఊరేగింపుల ఫొటోలు మన దినపత్రికల్లో ఎట్లా పడతాయో గుర్తు చేసుకుంటే ఇది కొత్తగా ఉండదు.

పక్కన రెండో స్థానంలో నిలబడ్డ తెల్లవాడు ఆస్ట్రేలియాకి చెందిన పీటర్ నార్మన్. ఆయన చెయ్యి ఎత్తలేదు. అందుకని చాలామంది ఆయన్ని సంబంధం లేని మనిషి అనుకున్నారు. జాగ్రత్తగా చూస్తే ఆయన ఛాతీ మీద కూడా ఆ ఇద్దరూ పెట్టుకున్న మానవహక్కుల బిళ్లే ఉంది. బొమ్మ చిన్న సైజులో పడితే ఆ బిళ్ల చుక్కల్లో కలిసిపోతుంది. 2006లో నార్మన్ చనిపోతే స్మిత్, కార్లోస్ వెళ్లి ఆయన శవపేటిక మోశారు. సైజు, కత్తిరింపు సాంకేతిక విషయాలని మనం వదిలెయ్యకూడదని చెప్పడానికే ఇదంతా.

పేదరికం బొమ్మ

మనవాళ్లు పత్రికల్లో అసలు పడరని కాదు. పడతారు. ఎట్లా పడతారన్నదే సంగతి.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పని చేసిన మనిషి. వీళ్ల కులాల గురించి మేము ఇక్కడ మాట్లాడడం లేదు. ఒక సాధారణ ఇంటి నుంచి వచ్చిన ఆటగత్తె గెలిచినప్పుడు ఏ రకం ఫొటోలు పోగవుతాయన్నదే చూస్తున్నాం. ఒకటి ఆడుతున్న ఫొటో. రెండోది పతకం పట్టుకున్నది. మూడోది ఇంటి ఫొటో. ఇరుకు గది, పొయ్యి, కొంగుతో కళ్లొత్తుకుంటున్న తల్లి.

ఈ మూడో ఫొటోతో మాకు పేచీ ఉంది. ఆ ఇల్లు నిజం. ఆ కన్నీళ్లూ నిజం. తల్లి కష్టం లోకానికి తెలియడం తప్పు కాదు. అయితే పెద్ద ఇంటి పిల్లవాడు గెలిస్తే ఏ ఫొటో వేస్తారు? ఆడుతున్నది, కసరత్తు చేస్తున్నది, కోచ్‌తో మాట్లాడుతున్నది. అంటే, వాడి గెలుపుకి కారణం వాడి నైపుణ్యం. మన పిల్ల గెలుపుకి కారణం పేదరికం మీద జాలి, దేవుడి దయ, ఏదో అద్భుతం. హర్డిల్ దాటేటప్పుడు ముందు కాలు ఎంత ఎత్తులో పోవాలి, రెండు హర్డిళ్ల మధ్య మూడే అడుగులు ఎట్లా పడాలి అన్న విద్య ఆమెకి తెలుసు. ఆ విద్య చూపించే ఫొటో చిన్నదై, పొయ్యి ఫొటో పెద్దదైతే, చదివే పిల్లకి ఏం అందుతుంది? ఏడుపు అందుతుంది. ఆట అందదు.

ఇంకో తమాషా. పేదరికం చూపించే ఈ ఫొటోలు కులం చూపించవు. హరిద్వార్ దగ్గర రోషనాబాద్ నుంచి వచ్చిన వందనా కటారియా 2021 జులై 31న టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారతీయ హాకీ మహిళ. నాలుగు రోజులకి, ఆగస్టు 4న, సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడింది. ఆ రోజు ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైపోవడం వల్లే ఓడిపోయిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసు కేసయింది. గెలిచిన రోజు ఫొటో కింద ‘దేశం బిడ్డ’. ఓడిన రోజు ఇంటి ముందు కులం బిడ్డ. ఈ రెండో సంగతికి ఆట ఫొటోలో చోటు లేదు. బాలూ మట్టి పాత్రకి చోటు లేనట్టే.

మా ఊరి ఫొటో

ఇదంతా పెద్ద పత్రికల గొడవ, మన ఊరికేం సంబంధం అనుకోవచ్చు. ఉంది. పెద్ద పత్రిక నేర్పిన పద్ధతే జిల్లా పేజీ దాకా, పెళ్లిళ్ల ఫొటో స్టూడియో దాకా దిగుతుంది.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి, విశాఖపట్నం జిల్లాలో ఉండే బుచ్చయ్యపేట అనకాపల్లి జిల్లాలోకి పోయింది. మా పేటలో ఒకరింట్లో, పాత రేకుపెట్టెలో, మాకు ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. 1980ల్లోది. చెడుగుడు పోటీలో గెలిచాక తీసింది. ముందు మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో షీల్డు ఇచ్చిన పెద్దమనిషి, పక్కన ఇద్దరు ఊరి పెద్దలు. ఆడినవాళ్లు పదిమంది. ఆరుగురు వెనక నిలబడ్డారు, నలుగురు నేల మీద. షీల్డు కూడా పెద్దమనిషి ఒళ్లోనే ఉంది. ఫొటో వెనక స్టూడియో ముద్ర తప్ప ఒక్క పేరూ లేదు. ఫొటోతోపాటు మడత పెట్టిన పేపరు ముక్క ఒకటి ఉంది. అదే ఫొటో, అగ్గిపెట్టె అంత. కింద పెద్దమనిషి పేరు, ‘గారు’. ఆ తర్వాత ఒక్క మాట: తదితరులు.

పదిమంది ఆడి గెలిస్తే పదిమందీ కలిపి ఒక్క మాట అయ్యారు.

ఆ ఫొటో పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లాం. మాకు తాత వరసయ్యే ఒకాయన, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “ఈడు కూతకెళ్తే ఒట్టి సేతుల్తో వొచ్చేవోడు కాదురా అబ్బాయ్” అన్నాడు. పేరేంటి తాతా అంటే, “పేరు నోట్లోనే ఉంది, రావట్లేదు. వాళ్లమ్మ సెరుకు కొట్టడానికి మాతో వొచ్చేది. మర్నాడు రా, సెప్తాను” అన్నాడు. మేము మర్నాడు వెళ్లలేదు. యూనివర్సిటీలో పని పడి వెళ్లిపోయాం. మళ్లీ మేము ఊరెళ్లేసరికి ఆయన లేడు.

ఇప్పటికి ఎనిమిది పేర్లు దొరికాయి. రెండు దొరకలేదు. ఆ ఎనిమిదీ ఇక్కడ అచ్చు వేయడం లేదు. ఎనిమిదే వేస్తే ఆ ఇద్దరూ మన చేతుల్లో కూడా తదితరులే అవుతారు.

ఏం చేయాలి

మొదటిది చూడ్డం నేర్చుకోవడం. టీచర్లుగా ఉన్న మిత్రులు ఒక పాత ఆటల పత్రిక క్లాసుకి తీసుకెళ్లి పిల్లల చేత లెక్క పెట్టించండి. ఎన్ని ఫొటోలు? ఎన్ని ఆటలు? ఆడవాళ్లు ఎందరు? వాళ్లలో ఆడుతున్నవాళ్లు ఎందరు, ఊరికే నవ్వుతున్నవాళ్లు ఎందరు? ఎవరికి పేరుంది, ఎవరికి లేదు? ఎవరికి రంగు, ఎవరికి అగ్గిపెట్టె సైజు? దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు. చిన్నప్పుడు మాకున్న పాటి కళ్లు చాలు.

రెండోది, ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది, అందులో కెమెరా ఉంది. ఫొటోలకి కరువు లేదు. పేర్లకే కరువు. సంఘాల మిత్రులు మీ ఊళ్లో ఆటలు జరిగితే ఆడుతుండగా ఫొటో తీయండి. కూతకి వెళ్లిన కాలు, పట్టు పట్టిన చెయ్యి కనపడాలి. బహుమతి ఫొటోలో ఆడినవాళ్లని కుర్చీల్లో కూచోబెట్టండి, ఇచ్చినవాళ్లని వెనక నిలబెట్టండి. ఎవరైనా నొచ్చుకుంటే ఎందుకు నొచ్చుకున్నారో అక్కడే మాట్లాడొచ్చు. పత్రికకి పంపేటప్పుడు ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాసి పంపండి. వాళ్లు వేయకపోతే మనం దాచుకోవాలి. వెనకాల తేదీ, ఊరు, ఆట, పేర్లు రాసి ఉంచాలి.

ఫొటో విలువ మనవాళ్లకి తెలీదని ఎవరూ అనలేరు. అన్నం గిన్నె తప్ప ఏమీ లేని ఇళ్లల్లో కూడా అంబేద్కర్ ఫొటో ఉంటుంది. నీలం కోటు, జేబులో పెన్ను, చేతిలో పుస్తకం. ఆ బొమ్మలో ఆయన ఎవరి వెనకాలా నిలబడి లేడు. దాన్ని మనకి ఏ పత్రికా నడిమి పేజీలో వేసి ఇవ్వలేదు. మనమే తెచ్చుకుని గోడకి పెట్టుకున్నాం.

మీ ఇంట్లో రేకుపెట్టె ఉంటే ఈ ఆదివారం తెరవండి. ఫొటో దొరికితే పేర్లు చెప్పగలిగినవాళ్ల దగ్గరికి ఆ రోజే వెళ్లండి. మర్నాటికి వాయిదా వెయ్యొద్దు.